దురద ఒక్కటే, జబ్బులు మూడు

(రేడియో ప్రసంగం)



ఈ పూట మనం దురద గురించి ముచ్చటించుకుందాం. వినడానికి ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. జ్వరమా, నొప్పా, ఒట్టి దురదే గదా అని తేలిగ్గా తీసిపారేస్తారు. కాని ఇంట్లో ఒక్క పిల్లకు రాత్రిపూట దురద పుట్టిందంటే ఇక ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు వుండదు. తల్లికి అసలే వుండదు. పిల్ల గోకుతూ వుంటుంది, తల్లి చెయ్యి పట్టుకుని ఆపుతూ వుంటుంది, పక్క గదిలోంచి పెద్దవాళ్ళు విసుక్కుంటూ వుంటారు. తెల్లవారి చూస్తే దుప్పటి మీద రక్తపు చారలు. ఒక రోజైతే ఓర్చుకోవచ్చు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఇదే వరస అయితే ఏం చేస్తాం చెప్పండి?

చాలామందిమి చేసే పని ఒకటే. మన పాతబస్తీలో షాలిబండ పోయినా, లాల్‌దర్వాజా పోయినా, గౌలీపురా పోయినా మందుల దుకాణాలకు కొదవ లేదు. పిల్లవాడి చేతిలో డబ్బు పెట్టి "దురద మందు ఇమ్మను" అని పంపుతాం. వాడు ఒక చిన్న ట్యూబు తెస్తాడు. రాసిన రెండు రోజులకే దురద మాయం! అబ్బ, ఎంత మంచి మందు అనుకుంటాం. పది రోజులకు మళ్ళీ మొదలు. మళ్ళీ అదే ట్యూబు. అలా ఆరు నెలలు, ఏడాది. చివరకు పిల్ల చర్మం ఉల్లిపొరలా పలచబడిపోతుంది, జబ్బు మాత్రం అక్కడే వుంటుంది.

తప్పంతా మందుదే అనలేం. దురద అనేది ఒక గుర్తు మాత్రమే. దాని వెనక వున్న జబ్బు ఏదో తెలియకుండా అన్నిటికీ ఒకే ట్యూబు రాయడంలోనే చిక్కు వుంది. అందుకని ముందు జబ్బులను వేరు చేసి చూద్దాం.

మనం ఇళ్ళలో గజ్జి, చిడుము, తామర, ఎగ్జిమా అని నాలుగైదు మాటలు వాడుతూ వుంటాం. ఏది ఏదో విడమర్చి చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. అందులో "తామర" అన్న మాట మరీ చిక్కు. గుండ్రంగా బిళ్ళలా లేచే బూజు జబ్బును కొందరు తామర అంటారు. ఎగ్జిమాను కూడా తామర అనేవాళ్ళున్నారు. పేరు ఒకటే అయింది గాని జబ్బులు రెండు, మందులు కూడా రెండు. మన ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారు గుండ్రటి తామరను "దాద్" అనీ, ఒట్టి దురదను "ఖుజ్లీ" అనీ వేరువేరుగా పిలుస్తారు. ఆపాటి తేడా మనమూ పాటిస్తే సగం చిక్కు తీరినట్టే.

మొదటిది గజ్జి. ఇది కంటికి ఆనని ఒక చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని కాపురం పెట్టడం వల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, చంకల్లో చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. రాత్రి పక్క ఎక్కగానే దురద విజృంభిస్తుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు ఏమంటే, ఇంట్లో ఒకరికి వస్తే కొద్ది వారాల్లో ఇద్దరికి, ముగ్గురికి పాకుతుంది. దీనికి పెర్మెత్రిన్ వంటి మందును డాక్టరు చెప్పిన ప్రకారం మెడ నుంచి కాలి వేళ్ళ దాకా, దురద వున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. వారం రోజులకు ఇంకోసారి రాయాలి. చంటిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో డాక్టరే చెప్పాలి. పక్క బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఒక్క పిల్లవాడికే రాసి ఊరుకుంటే అది పోయినట్టే పోయి పక్కవాడి దగ్గరనుంచి తిరిగి వస్తుంది.

రెండోది బూజు తామర. ఇది గుండ్రంగా వుంటుంది. అంచు కాస్త లేచి, ఎర్రగా, పొలుసులతో వుంటుంది. మధ్య భాగం మామూలుగా కనిపిస్తుంది. తొడల సందుల్లో, చంకల్లో, లంగా బొందు కట్టుకునే చోట, అంటే చెమట నిలిచే చోటల్లా వస్తుంది. తువ్వాళ్ళు, లోపలి బట్టలు ఒకరివి ఒకరు వాడితే అంటుకుంటుంది. దీనికి బూజును చంపే మందు కావాలి.

మూడోది ఎగ్జిమా. ఈనాటి ముచ్చట ముఖ్యంగా దీని గురించే. ఇందులో పురుగూ లేదు, బూజూ లేదు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటదు. ఈ ఒక్క మాట మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, ముద్దు పెట్టుకున్నా ఎగ్జిమా అంటదు గాక అంటదు.

చంటిపిల్లల్లో ఇది బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రగా, రసి కారుతూ మొదలవుతుంది. కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చేరుతుంది. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా మనలాంటి గృహిణుల్లో, చేతుల మీద ఎక్కువ. గోకిన కొద్దీ చర్మం నల్లబడి, తోలులా మందం కడుతుంది. ఎగ్జిమా అనేది గ్రీకు మాట. దాని అర్థం "పొంగడం" అట. ఈ జబ్బు నడత కూడా అంతే. కొన్నాళ్ళు అణిగి వుంటుంది. ఏదో ఒక సెగ తగలగానే పొయ్యి మీది పాలలా పొంగుతుంది.

ఇది ఎందుకు వస్తుంది? మన పాతబస్తీలో పాత దేవిడీల గోడలు చూశారు గదా. రాయికీ రాయికీ నడుమ గచ్చు గట్టిగా వున్నంత కాలం వాన లోపలికి దిగదు. గచ్చు రాలిపోయిందంటే తేమ దిగుతుంది, పిచ్చిమొక్కలు మొలుస్తాయి. మన చర్మం పై పొర కూడా అలాంటి గోడే. అందులోని కణాలు రాళ్ళయితే, వాటి నడుమనున్న కొవ్వు పదార్థం గచ్చు. ఎగ్జిమా వచ్చే పిల్లలకు ఈ గోడ కాస్త బలహీనంగా వుంటుంది. లోపలి తడి బయటికి పోయి చర్మం ఎండిపోతుంది. బయటి సబ్బు, దుమ్ము, క్రిములు లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. ఈ గోడను కట్టడానికి పనికివచ్చే ఫిలాగ్రిన్ అనే ఒక ప్రోటీను వుంది. దాని జన్యువులో లోపం వున్నవారికి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని శాస్త్రజ్ఞులు 2006లో కనిపెట్టారు. ఆ ఒక్క లోపమే కారణమని కాదు. ఒంటిలోని రక్షణ శక్తి అవసరం లేనిచోట కూడా యుద్ధానికి దిగడం మరొక కారణం.

మృగశిర కార్తె వస్తే బత్తిని వారి చేపమందు కోసం ఊళ్ళూ రాష్ట్రాలూ దాటి జనం వచ్చే నగరం మనది. ఆ మందు దూద్‌బౌలి వారి ఇంట పుట్టినదే. కనుక ఉబ్బసం అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఎగ్జిమా ఆ ఉబ్బసానికి చెల్లెలు లాంటిది. పొద్దున్నే తుమ్ముల మీద తుమ్ములు తెప్పించే జలుబు ఇంకో చెల్లెలు. తాతకు ఉబ్బసం, తల్లికి తుమ్ములు, మనుమరాలికి ఎగ్జిమా వున్న ఇళ్ళు కోకొల్లలు. ఈ కుటుంబ వరస గమనించే 1933లో వైజ్, సల్జ్‌బర్గర్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఈ రకం ఎగ్జిమాకు "అటోపిక్ డెర్మటైటిస్" అని పేరు పెట్టారు. కనుక ఇది తల్లి శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందనీ, కడుపుతో వున్నప్పుడు ఏదో తిన్నందువల్ల వచ్చిందనీ కోడళ్ళను ఆడిపోసుకోవడం అన్యాయం.

ఇక దురదకూ గోకుడికీ వున్న సంబంధం చూడండి. దురద పుడితే గోకుతాం. గోకితే గోడ ఇంకా పగులుతుంది. పగిలితే మంట. మంట వల్ల మళ్ళీ దురద. గానుగెద్దులా ఇదే చుట్టూ తిరుగుతుంది. "గోకవద్దు" అని పిల్లను కొట్టి లాభం లేదు. ఒళ్ళు తెలియని నిద్రలో కూడా గోకే పిల్ల మన మాట ఎలా వింటుంది? గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. దురద పుట్టిన చోట గోకే బదులు అరచేత్తో అదమమనండి, లేదా తడిపి పిండిన చల్లని గుడ్డ వెయ్యండి. రాత్రిళ్ళు పలచని నూలు బట్టలు తొడగండి. వీటితో పాటు ఆ గోడకు రోజూ గచ్చు పెట్టాలి. ఎగ్జిమా వైద్యంలో మొదటి మెట్టు ఇదే. ఇది డాక్టరు చేతిలో కన్నా మన చేతిలోనే ఎక్కువ వుంది.

ఎలాగంటారా? స్నానం గోరువెచ్చని నీళ్ళతో, అయిదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే ఆ నిమిషానికి దురద హాయిగా తీరినట్టు వుంటుంది గాని, చర్మంలోని నూనె అంతా కొట్టుకుపోతుంది. సబ్బు ఘాటు లేనిది, తక్కువగా. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్ళు ఇంకా కాస్త తడిగా వుండగానే, మూడు నిమిషాల లోపల, ఒళ్ళంతా తేమను పట్టివుంచే పూత రాయండి. ఖరీదైనదే కావాలని లేదు. మందుల దుకాణంలో దొరికే మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. వేసవిలో అది జిడ్డుగా, ఉక్కగా అనిపిస్తే పలచని క్రీము వాడుకోవచ్చు. వాసన వేసేవి, రంగు కలిపినవి వద్దు.

ఎంత రాయాలి అన్నదగ్గరే మనం పిసినారితనం చేస్తాం. ఒంటినిండా ఎగ్జిమా వున్న పిల్లకు వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా పూత పడుతుందని ఇంగ్లండు వైద్యుల సూచనలు చెబుతున్నాయి. మనం చిన్న డబ్బా ఒకటి కొని రెండు నెలలు సర్దుకుంటే ఎలా పని చేస్తుంది? రోజుకు రెండుసార్లు, తగ్గిన తర్వాత కూడా, రాస్తూనే వుండాలి. ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ జిడ్డు పూతలు ఇంకిన బట్టలు నిప్పు సోకితే త్వరగా అంటుకుంటాయి. పూత రాసుకున్న చేతులతో, అదే చీర కొంగుతో పొయ్యి దగ్గరికి పోకండి. దీపాల దగ్గర పిల్లలను కనిపెట్టి వుండండి.

నూనె రాయవచ్చా అని చాలామంది అడుగుతారు. కొబ్బరినూనె మంచిదే. ఫిలిప్పీన్స్ దేశంలో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో, మినరల్ ఆయిల్ కన్నా శుద్ధమైన కొబ్బరినూనె మెరుగ్గా పని చేసింది. ఆవనూనె మాత్రం ఈ చర్మానికి పనికిరాదు, మంట పెడుతుంది. అలాగే ఒళ్ళునొప్పులకు వాడే కర్పూరం, నీలగిరి తైలం కలిసిన ఘాటు మందులు ఏవైనా సరే పగిలిన చర్మం మీద వెయ్యకండి.

మన ఆచారాల్లో కొన్ని మంచి చర్మానికి మంచివే గాని, ఎగ్జిమా చర్మానికి పడవు. పండగపూట నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దడం అలాంటిదే. ఆ పిల్లకు కాస్త నూనె రాసి, రుద్దకుండా నీళ్ళు పొయ్యండి చాలు. కుంకుడు రసం తలమీదనుంచి మెడ మడతల్లోకి కారితే అక్కడ చర్మం ఎండి పగులుతుంది. తల వంచి పోసి, మెడ బాగా కడగండి. వేపాకు, పసుపు నూరి పట్టించడం చాలా ఇళ్ళలో వుంది. అది ఆరిపోయి బిగుసుకుంటే ఎండిన చర్మం ఇంకా ఎండుతుంది. కొందరికి పసుపే పడదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పొద్దున లేచింది మొదలు గిన్నెల సబ్బు, బట్టల సోడా, నేల తుడిచే మందు, అన్నీ మన చేతుల మీదుగానే పోతాయి. అందుకే గృహిణుల చేతులకు ఎగ్జిమా ఎక్కువ. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు, వాటి లోపల పలచని నూలు తొడుగులు వేసుకుంటే మంచిది. ఉంగరం తీసి పక్కన పెట్టండి, దాని కింద సబ్బు నిలుస్తుంది. పని అయిన ప్రతిసారీ చేతులకు పూత రాయండి. వెల్లుల్లి ఒలిచేవారిలో కొందరికి వెల్లుల్లి పట్టుకునే చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు మాత్రమే పగులుతాయి. అది వెల్లుల్లి పని అని తెలియక ఏళ్ళ తరబడి మందులు మారుస్తూ వుంటారు.

ఇలా ఒక వస్తువు తగిలి వచ్చే ఎగ్జిమాను, అది వచ్చిన చోటును బట్టి పట్టుకోవచ్చు. చెవి తమ్మెల దగ్గర, మెడ చుట్టూ వస్తే గిల్టు నగల్లోని నికెల్ లోహం కారణం కావచ్చు. మనం గాజులకూ మంగళసూత్రానికీ తగిలించుకునే పిన్నీసుల్లో కూడా నికెల్ వుంటుంది సుమండీ. నుదుటి మీద బిళ్ళ పెట్టుకునే చోట దురద వచ్చినా, తెల్లబడినా అంటించుకునే బొట్టుబిళ్ళల జిగురును అనుమానించండి. వెంటనే మానెయ్యాలి. తలకు రంగు వేసిన మర్నాడు చెవుల వెనక, కనురెప్పల మీద వాపు వస్తే ఆ రంగులోని పి.పి.డి. అనే రసాయనం కారణం కావచ్చు. రంజాను రోజుల్లో, పెళ్ళిళ్ళలో చార్మినారు బజార్లకు పోయి చేతులకు మెహందీ పెట్టించుకోవడం అందరికీ సరదాయే. ఆకు మెహందీ ఎర్రగా పండుతుంది, అది చాలావరకు నిరపాయం. క్షణాల్లో నల్లగా పండేదాన్ని మాత్రం నమ్మకండి. అందులో కూడా ఈ తలరంగు రసాయనమే కలుపుతారు.

ఇంకొకటి వయ్యారిభామ. పేరు చూస్తే ముద్దుగా వుంది గాని పరమ గయ్యాళి మొక్క. 1950ల నడుమ మన దేశంలో మొదట పూనాలో కంటబడ్డ ఈ కలుపు నేడు ఖాళీ జాగా కనపడితే చాలు మొలుస్తోంది. దాని తునకలు, పొడి గాలిలో కలిసి మొహం, మెడ, మోచేతులు, అంటే బట్ట కప్పని చోటల్లా దురద పుట్టిస్తాయి. ఇంటి పక్కన వుంటే పూత పట్టకముందే, చేతికి తొడుగు వేసుకుని, పీకించి వెయ్యండి. ఎగ్జిమా వున్నవాళ్ళు మాత్రం ఆ పనికి పోవద్దు. ఏది పడటం లేదో అంతు చిక్కకపోతే చర్మ వైద్యులు వీపు మీద చిన్న చిన్న అతుకులు అంటించి, రెండు రోజులు వుంచి, తీసి చూసి చెబుతారు. దాన్ని ప్యాచ్ టెస్టు అంటారు.

ఇక ఆ ట్యూబు సంగతి. ఎగ్జిమా పొంగినప్పుడు పూత ఒక్కటే చాలదు, మంటను చల్లార్చే మందు కావాలి. అదే స్టిరాయిడ్ క్రీము. 1952లో హైడ్రోకార్టిసోన్ అనే పైపూత మందు వచ్చిన తర్వాతనే ఎగ్జిమా వైద్యానికి మంచి రోజులు వచ్చాయి. దాన్ని చూసి భయపడనక్కరలేదు. డాక్టరు రాసినంత బలం వున్నది, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే అది మేలే చేస్తుంది. భయపడి సగంలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. కొలత కూడా వుంది. ట్యూబునుంచి పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి గణుపు పొడవున పిండితే, దాదాపు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

అపాయమంతా ఎప్పుడంటే, ఈ మందు చీటీ లేకుండా, పేరు తెలియకుండా, నెలల తరబడి వాడినప్పుడు. చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, మొహం కందగడ్డలా ఎర్రబడి మొటిమలు లేస్తాయి, ఆడపిల్లలకు మొహాన వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, మానకపోతే చేటు. కొందరు దీన్ని మొహం తెల్లబడే క్రీము అనుకుని రాసుకుంటున్నారు. మన దేశపు చర్మ వైద్యులు కొన్ని కేంద్రాల్లో, మొహం మీది చర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిని చూసి 2011లో లెక్క ప్రకటించారు. అందులో 433 మంది మొహానికి స్టిరాయిడ్ రాసుకుంటున్నవారే. వాళ్ళలో సగానికి పైగా డాక్టరు కానివాళ్ళ సలహా మీద మొదలుపెట్టినవారు.

బూజు తామర మీద ఈ క్రీము రాస్తే అంతకన్నా కష్టం. దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, లోపల బూజు మాత్రం హాయిగా పెరుగుతుంది. గుండ్రటి ఆకారం చెరిగిపోయి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. స్టిరాయిడు, బూజు మందు, సూక్ష్మజీవుల మందు మూడూ కలిపిన ట్యూబుల వాడకం వల్ల మొండి తామర మన దేశంలో ఇల్లిల్లూ తిరుగుతోందని వైద్యులు మొత్తుకుంటున్నారు. మామూలు మందుకు లొంగని ఒక బూజుకు 2020లో ఇండియా పేరే కలిసివచ్చేలా "ట్రైకోఫైటాన్ ఇండోటినియే" అని పేరు పెట్టారంటే చూడండి! 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల పట్టికలో చేర్చింది. చట్టం వుంది. అడిగి కొనవలసింది మనం. పేరు లేని డబ్బాలో "మూలికల మందు" అని ఇచ్చేదానిలో కూడా స్టిరాయిడు కలిపి వుండవచ్చు. ఒక్క రాత్రిలో దురద మాయమైతే ఆనందపడేముందు అందులో ఏముందో అడగండి. చాలాకాలం స్టిరాయిడ్ వాడినవాళ్ళు మాత్రం ఈ మాట విని ఒక్కసారిగా మానెయ్యకండి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

తిండి గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. దురద అనగానే వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వద్దు, చేప వద్దు, పాలు వద్దు అని వరసగా చెబుతారు. అన్నీ మానిపిస్తే ఎదిగే పిల్ల ఏం తిని బతకాలి? ఎగ్జిమా వున్న చాలామందికి తిండితో పని లేదు. ఎగ్జిమా తీవ్రంగా వున్న కొందరు చంటిపిల్లలకు గుడ్డు, పాలు వంటివి పడకపోవడం నిజమే. ఒక వస్తువు తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి కనిపిస్తే రాసి పెట్టుకుని డాక్టరుకు చూపండి. ఊరికే అనుమానం మీద పిల్ల కంచంలోంచి అన్నీ తీసెయ్యకండి. ఊపిరి అందకపోతే అది వెంటనే దవాఖానాకు పరుగెత్తవలసిన సంగతి.

బోరు నీళ్ళు గరుకు కాబట్టి నీళ్ళను మెత్తబరిచే యంత్రం కొనాలా అని కొందరి సందేహం. గరుకు నీళ్ళ ఊళ్ళలో ఎగ్జిమా కాస్త ఎక్కువ కనిపిస్తుందన్న మాట వుంది. అయితే ఇంగ్లండులో 336 మంది పిల్లల ఇళ్ళలో ఆ యంత్రం వుంచి, లేకుండా చూసి, 2011లో ఫలితం ప్రకటించారు. మామూలు వైద్యం కన్నా అదనపు లాభం ఏమీ కనిపించలేదు. ఆ డబ్బుతో పిల్లకు ఏళ్ళ తరబడి పూత కొనవచ్చు.

మన హైదరాబాదులో చలికాలపు పొడిగాలి ఈ జబ్బుకు శత్రువు. కనుక దీపావళి వెళ్ళగానే పూత రెట్టింపు చెయ్యండి. ఉన్ని బట్టలు ఒంటికి తగలకుండా లోపల నూలు చొక్కా వెయ్యండి. వేసవిలో చెమట దురద పుట్టిస్తుంది. చెమట పట్టినప్పుడు మామూలు నీళ్ళతో కడిగి, అద్ది, మళ్ళీ పూత రాయాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి? పూత రాసినా రెండు వారాల్లో తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే తప్పకుండా పోవాలి. చీము పట్టి, పసుపు రంగు పక్కులు కట్టి, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకూడదు. ఒకే రకం చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచి, చిట్లి, నొప్పితో జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి. అలాగే దురద లేకుండా, స్పర్శ తెలియకుండా వుండే మచ్చ కనపడితే అది ఎగ్జిమా కాదు, వెంటనే పరీక్ష చేయించండి. 2018 నుంచి మన నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి, మొదట అక్కడ చూపించవచ్చు. అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలో చర్మవ్యాధుల విభాగం వుంది. వెళ్ళేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులు అన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుపోండి. సిగ్గుపడి దాచవద్దు. డాక్టరుకు అవే సగం సమాధానం.

పెద్ద పొంగులకు ఈనాడు కొత్త మందులున్నాయి. మొహం, కనురెప్పల వంటి సున్నితమైన చోట స్టిరాయిడుకు బదులు టాక్రోలిమస్ అనే పూత వాడతారు. 2017 నుంచి డ్యూపిలుమాబ్ అనే సూదిమందు ప్రపంచంలో వాడుకలోకి వచ్చింది. ఖరీదు ఎక్కువ, అందరికీ అవసరమూ లేదు. చాలామంది పిల్లల్లో ఎగ్జిమా పెరిగేకొద్దీ తగ్గుతుంది. కొందరికి పెద్దయ్యాక కూడా వుంటుంది. "ఒక్క డోసుతో సమూలంగా పోగొడతాం" అన్నవారిని నమ్మవద్దు. ఇది పోగొట్టుకునే జబ్బు కన్నా అదుపులో పెట్టుకునే జబ్బు అనుకుంటే మనసుకు శాంతి, జేబుకూ శాంతి.

చివరగా ఒక మాట. ఈ జబ్బులో దురద కన్నా ఎక్కువ బాధపెట్టేది మనుషుల చూపు. మా గల్లీలో ఒక అమ్మాయి చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. మోచేతి మడతల్లో మచ్చలున్నాయని ఎండాకాలం కూడా పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినవారికి కాఫీ ఇవ్వడానికి చెయ్యి చాచాలంటే ఆ పిల్లకు వణుకు. చెమట పట్టి, ఉక్కపోసి, దాచిన చోటే జబ్బు ఇంకా పొంగుతుంది. ఇందులో ఆ పిల్ల చేసిన తప్పేముంది? బడిలో పక్క బెంచీ పిల్ల దూరం జరిగితే, పేరంటంలో ఎవరైనా ఆ చేతికి తాంబూలం అందించడానికి సందేహిస్తే, అక్కడున్న మనలో ఒకరు నోరు విప్పి "ఇది అంటదమ్మా" అనాలి. ముందు మనమే వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలి. డాక్టరు రాసే చీటీలో ఈ మందు వుండదు. ఇది మన దగ్గరే వుంది, ఖర్చు కూడా లేదు.